ఐటీపీ రోగి ఫైలులో అన్నిటికన్నా పైన ఉండాల్సిన కాగితం

విశాఖపట్నం జిల్లా వైద్య ఆరోగ్య శాఖాధికారి గారికి. నగరంలోని ల్యాబుల నిర్వాహకులకు. పిల్లల డాక్టర్లకు, జనరల్ ఫిజీషియన్లకు, ప్రసూతి వైద్యులకు: రక్తవ్యాధుల వార్డుల్లో, ల్యాబుల్లో, బ్లడ్ బ్యాంకుల్లో పనిచేసే కొందరం రాస్తున్న బహిరంగ లేఖ.

అయ్యా, అమ్మా,

ఇమ్యూన్ థ్రాంబోసైటోపీనియాకు అందరూ వాడే పొట్టి పేరు ఐటీపీ. ఒంటిని కాపాడాల్సిన రోగనిరోధక వ్యవస్థే ప్లేట్‌లెట్ల మీద పడి వాటిని చంపేస్తుంది. మూలుగలో కొత్తవి తయారవకుండా కూడా అడ్డుపడుతుంది. కౌంటు లక్ష లోపుండి, వేరే కారణం ఏదీ దొరక్కపోతే ఆ పేరు పెడతాం. పేరు చెప్పిన మరుక్షణం ఇంటివాళ్ళు అడిగేవి రెండే ప్రశ్నలు. ఇది పోతుందా, ఉండిపోతుందా? ఏ మందుకు లొంగుతుంది?

ఈ రెండింటికీ ఒక్క రక్తపరీక్షతో జవాబు చెప్పే పద్ధతి ఇప్పటికి ఎక్కడా లేదు. ఉన్న కాస్త ఆధారమూ రెండు చోట్ల దొరుకుతుంది. మందు మొదలుపెట్టకముందు, మొదటి రోజు కనిపించిన సంగతులు ఒకటి. మొదటి మందుకు ఏ రోజున కౌంటు ఎంతకు వచ్చిందన్న లెక్క రెండోది. శ్రీకాకుళం నుంచో, పాడేరు నుంచో, కోరాపుట్ నుంచో పాలిథిన్ సంచీలో దొంతర రిపోర్టులు పట్టుకొచ్చే రోగి దగ్గర సరిగ్గా ఈ రెండే ఉండవు. పొట్ట స్కానింగు ఉంటుంది, రెండేసిసార్లు చేయించిన డెంగీ పరీక్ష ఉంటుంది, బిల్లులన్నీ భద్రంగా ఉంటాయి. మొదటి మందైన స్టెరాయిడ్ మాత్ర ప్రెడ్నిసొలోన్ ఏ తేదీన, ఎన్ని మిల్లీగ్రాములతో మొదలైందో మాత్రం ఎక్కడా ఉండదు. 2022లో జిల్లాలు విడిపోయినా చుట్టుపక్కల జిల్లాల రోగులు చివరికి చేరేది విశాఖకే కాబట్టి ఈ లోటు తీర్చాల్సిందీ ఇక్కడే. ప్రతి ఐటీపీ రోగి ఫైలులో, అన్నిటికన్నా పైన, ఒకే నమూనాలో ఒక కాగితం ఉండేలా చూడమని మా విన్నపం. అందులో ఏముండాలో, ఎందుకుండాలో ఇక్కడ రాస్తున్నాం.

ముందు అంకె సంగతి. ఒక ల్యాబ్ 0.12 లక్షలు అని అచ్చేస్తుంది. ఇంకోటి 12,000 అంటుంది. మరోటి 12 అని వేసి ఊరుకుంటుంది. మూడూ ఒకటే కౌంటు. ఓపీ చీటీ మీదకు చేత్తో ఎక్కించేటప్పుడు 0.12 కాస్తా 1.2 అయిందంటే పన్నెండు వేలు లక్షా ఇరవై వేలైపోతాయి, మందు ఆగిపోతుంది. అందుకే కాగితం మీద కౌంటును ఎప్పుడూ పూర్తి అంకెల్లోనే, 12,000 అనే రాయాలి. దశాంశం వద్దు.

రెండో చిక్కు ట్యూబులో ఉంది. రక్తకణాలు లెక్కించే సీబీసీ పరీక్షకు వాడే ఊదారంగు మూత ట్యూబులో, రక్తం గడ్డకట్టకుండా వేసే ఈడీటీఏ అనే రసాయనం వల్ల కొందరి ప్లేట్‌లెట్లు గుంపులుగా అతుక్కుపోతాయి. యంత్రం ఆ గుంపుల్ని ప్లేట్‌లెట్లుగా లెక్కపెట్టదు. ఒంట్లో రెండు లక్షలున్న మనిషికి రిపోర్టులో ముప్పై వేలు కనిపిస్తాయి. శాంపిల్ ఎంతసేపు నిలవుంటే గుంపులు అంత పెరుగుతాయి. పాడేరులో పొద్దున్న తీసిన రక్తం ఘాట్ రోడ్డు దిగి మధ్యాహ్నానికి నగరంలో యంత్రం ఎక్కితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. దీనికి విరుగుడు చవకే. నీలం మూత సిట్రేట్ ట్యూబులో మళ్ళీ రక్తం తీసి వెంటనే లెక్కపెట్టి, వచ్చిన అంకెను 1.1తో హెచ్చించాలి, ఆ ట్యూబులో తొమ్మిది పాళ్ళ రక్తానికి ఒక పాలు ద్రవం ఉంటుంది కాబట్టి. కొద్దిమందికి సిట్రేట్‌లోనూ గుంపులు కడతాయి. అప్పుడు వేలి నుంచి నేరుగా గాజు పలక మీదకు తీసిన చుక్కే శరణ్యం.

అసలు ఏ యంత్రానికైనా ఇరవై వేల లోపు అంకె మీద పట్టు తక్కువ. మామూలు ఇంపిడెన్స్ యంత్రం పరిమాణాన్ని బట్టే లెక్కిస్తుంది. పెద్ద ప్లేట్‌లెట్‌ను ఎర్రకణం అనుకుంటుంది, ఎర్రకణాల సన్నముక్కల్ని ప్లేట్‌లెట్లు అనుకుంటుంది. నిన్న 9,000, ఇవాళ 14,000 అంటే పెరిగినట్టు కాదు, తగ్గినట్టూ కాదు. ఇంతోటి తేడాకి ఇంట్లో పూజలు మొక్కులు, వార్డులో డోసు మార్పులు.

అందుకే ల్యాబుల వాళ్ళకు మా మొదటి అభ్యర్థన: కౌంటు యాభై వేల లోపు వస్తే, ఎవరూ అడగకపోయినా గాజు పలక మీద పలచగా పరిచిన రక్తపు పొరకు, అంటే స్మియర్‌కు, లీష్మన్ రంగు వేసి చూడండి. నూనె లెన్సు కింద, కణాలు ఒకదాని మీద ఒకటి పడకుండా పరుచుకున్న చోట పది ఫీల్డులు లెక్కపెట్టి సగటును 15,000తో హెచ్చిస్తే సుమారు కౌంటు వస్తుంది. ఫీల్డుకు ఒక్క ప్లేట్‌లెట్ ఉంటే పదిహేను వేలు, రెండు ఫీల్డులకు ఒకటి కనిపిస్తే ఏడెనిమిది వేలు. పలక తోక చివర కూడా ఒకసారి చూడాలి, గుంపులు అక్కడే చేరతాయి. ఇది పది నిమిషాల పని. తర్వాత నాలుగు వాక్యాలు రాయండి: గుంపులున్నాయా, ప్లేట్‌లెట్ల సైజు ఎలా ఉంది, ఎర్రకణాల ముక్కలున్నాయా, పక్వం కాని పెద్ద తెల్లకణాలు, అంటే బ్లాస్టులు, ఉన్నాయా. ‘ప్లేట్‌లెట్లు తగ్గినవి’ అన్న ఒక్క ముక్క యంత్రం ముందే చెప్పింది. స్మియర్ రిపోర్టులో మళ్ళీ అదే రాస్తే ఉపయోగం లేదు.

ఆ నాలుగు వాక్యాల మీదే తర్వాతి కథంతా నడుస్తుంది. ఎర్రకణాల ముక్కలు కనిపిస్తే అది సన్న రక్తనాళాల్లో గడ్డలు కట్టే టీటీపీ అనే జబ్బు కావచ్చు. వెంటనే ప్లాస్మా మార్పిడి కావాలి, ప్లేట్‌లెట్లు ఎక్కిస్తే ముప్పు పెరగవచ్చు. బ్లాస్టులు కనిపించిన పిల్లాడికి స్టెరాయిడ్ మొదలుపెడితే లుకేమియా కొన్ని వారాలు ముసుగేసుకుంటుంది, తర్వాత వైద్యం కష్టమవుతుంది. ఎర్రకణాలంత ప్లేట్‌లెట్లుంటే వంశపారంపర్యంగా ప్లేట్‌లెట్లు పెద్దవిగా, తక్కువగా ఉండే మాక్రోథ్రాంబోసైటోపీనియా గుర్తుకు రావాలి. బెంగాల్, ఈశాన్య రాష్ట్రాల వాళ్ళలో ఏ హానీ చేయని ఒక రకం కనిపిస్తుంది, దానికి హారిస్ ప్లేట్‌లెట్ సిండ్రోమ్ అని పేరు. నౌకాదళం, ఉక్కు, రేవు, రైల్వే ఉద్యోగాల కోసం దేశం నలుమూలల వాళ్ళూ వచ్చి ఉండే ఊళ్ళో ఈ సంగతి మరవకూడదు. ఎనభై వేల కౌంటుతో, ఒంటి మీద ఒక్క మచ్చ లేకుండా వచ్చిన మనిషిని ‘మీ అమ్మానాన్నలకు, తోబుట్టువులకు ఎప్పుడైనా కౌంటు చూశారా? పన్ను పీకించుకున్నప్పుడు రక్తం ఆగిందా?’ అని అడగాలి. అడగకపోతే జీవితాంతం ఐటీపీ మందులు మింగే ప్రమాదముంది.

జ్వరంతో వస్తే ముందు డెంగీ, మలేరియా, స్క్రబ్ టైఫస్. డెంగీలో పడిన కౌంటు సాధారణంగా వారం పది రోజుల్లో తనంత తానే లేస్తుంది. జ్వరం తగ్గి మూడు నాలుగు వారాలైనా లేవకపోతే అప్పుడు ఐటీపీ మాట ఎత్తాలి. ఈలోపు బొప్పాయి ఆకు రసం తాగితే ‘పెరిగిన’ కౌంటు కూడా ఈ లెక్కలోదే. ఐటీపీకి ఆ రసం పనిచేస్తుందనడానికి నమ్మదగ్గ ఆధారం లేదు. మందుల చిట్టా కూడా అడగాలి. మన్యంలో మలేరియాకు వాడే క్వినైన్, క్షయకు ఇచ్చే రిఫాంపిసిన్, కోట్రైమాక్సజోల్ లాంటివి కౌంటును ఒక్కసారిగా పడగొట్టగలవు. ఆపిన వారంలోపే అది లేవడం మొదలైతే జబ్బు మందుదే.

ఇప్పుడు జోస్యం సంగతి. 2009లో అంతర్జాతీయ నిపుణుల బృందం కాలాన్ని బట్టి మూడు పేర్లు ఖాయం చేసింది. మూడు నెలల లోపు కొత్తది. మూడు నుంచి పన్నెండు నెలల దాకా కొనసాగుతున్నది. ఏడాది దాటితే దీర్ఘకాలికం. మూడో నెలలోనే ‘క్రానిక్’ అని రాసేసి ప్లీహం తీయించే ఆలోచన చేసే అలవాటు ఇంకా పోలేదు. పిల్లల్లో నూటికి డెబ్బై ఎనభై మందికి ఏడాది లోపు తగ్గిపోతుంది, చాలామందికి ఏ మందూ లేకుండానే. పెద్దవాళ్ళలో తిరగబడింది లెక్క, ఎక్కువ మందికి ఉండిపోతుంది.

పిల్లల విషయంలో ఏవి చూసి ముందే కొంత చెప్పొచ్చో అనేక అధ్యయనాలను కలిపి చూసినప్పుడు తేలింది. జలుబో జ్వరమో టీకానో వచ్చిన రెండు మూడు వారాలకు, రాత్రికి రాత్రి ఒళ్ళంతా ఎర్రచుక్కలతో, నోట్లో రక్తంతో, పది వేల కౌంటుతో వచ్చిన మూడేళ్ళ పిల్లాడికి తొందరగా తగ్గే అవకాశమే ఎక్కువ. పదకొండేళ్ళు దాటిన ఆడపిల్ల, ఎప్పటి నుంచో కాళ్ళ మీద కమిలిన మచ్చలు, ముందు ఏ జ్వరమూ లేదు, కౌంటు ముప్పై వేలు, సొంత కణాల మీద తిరగబడే యాంటీబాడీలను చూసే ఏఎన్‌ఏ పరీక్ష పాజిటివ్: ఈమెకు జబ్బు ఉండిపోవచ్చు, కొన్నేళ్ళ తర్వాత ఒంట్లో చాలా అవయవాల మీద పడే రోగనిరోధక జబ్బు లూపస్‌గా బయటపడే అవకాశమూ ఉంది. ఎక్కువ భయపెట్టే రూపంలో వచ్చిందే తొందరగా పోతుందన్న విషయం తల్లిదండ్రులకు వింతగా ఉంటుంది. వాళ్ళకు అర్థమయ్యేలా చెప్పాలంటే మొదటి రోజు ఈ ప్రశ్నలు అడిగి రాసుకుని ఉండాలి. ‘చుక్కలు ఎన్నాళ్ళ నుంచి?’ అన్నదానికి జవాబు మూడు నెలల తర్వాత ఏ తల్లికీ గుర్తుండదు. మందు ఇస్తే జబ్బు ముదరదు అనుకోవడానికీ లేదు. పిల్లల్లో ఐవీఐజీ, అంటే దాతల రక్తం నుంచి తీసి నరంలోకి ఎక్కించే యాంటీబాడీల మందు, ఇచ్చినవాళ్ళనూ, ఊరికే కనిపెట్టుకుని ఉన్నవాళ్ళనూ పోల్చిన నెదర్లాండ్స్ ప్రయోగంలో ఏడాది చివర దీర్ఘకాలికమయ్యే ముప్పు తగ్గినట్టు రుజువు కాలేదు. కౌంటు తొందరగా లేచింది, అంతవరకు నిజం. అందుకే చర్మం మీద చుక్కలు తప్ప రక్తస్రావం లేని పిల్లలకు కౌంటు ఎంత తక్కువున్నా మందు లేకుండా గమనించడమే 2019 అమెరికన్ హెమటాలజీ సొసైటీ మార్గదర్శకాల సలహా. ‘అయిదు వేలకు మందివ్వరా?’ అని నిలదీసే బంధువులకు డాక్టరు ఓపిగ్గా చెప్పగలిగితే చాలు.

పెద్దవాళ్ళలో కౌంటు కన్నా రక్తస్రావ చరిత్రే ఎక్కువ చెబుతుంది. అరవై దాటిన వయసు, ఇదివరకు రక్తం పోయి ఉండటం, కౌంటు ఇరవై వేల లోపు, రక్తం పలచబడే మందులు, కిడ్నీ జబ్బు: ఇవున్న మనిషికి ముప్పు ఎక్కువ. మెదడులో రక్తస్రావం పిల్లల్లో వెయ్యికి నలుగురికి అటూఇటూ, పెద్దల్లో నూటికి ఒకరిద్దరికి. అరుదే, కానీ ఎవరికో ముందే తెలియదు కనుక నోరు తెరిపించి టార్చి వేసి చూడాలి. బుగ్గల లోపల, నాలుక మీద నేరేడుపండు రంగు రక్తపు బొబ్బలుంటే ఆ రోజు ఇంటికి పంపకూడదు. కాగితం మీద రక్తస్రావానికి మూడు గడులు చాలు: ఒకటి చర్మం; రెండోది నోరు, ముక్కు; మూడోది నెలసరి, లోపలి అవయవాలు. ఒక్కో గడిలో సున్నా నుంచి మూడు దాకా అంకె. నెలసరి గురించి అడగకుండానే ‘బ్లీడింగ్ లేదు’ అని రాసిన చీటీలు మగ డాక్టర్ల గదుల్లోంచే ఎక్కువ వస్తాయి.

మందు వేయకముందు తీయాల్సిన రక్తం ఒకేసారి తీయండి. హెచ్‌ఐవీ, హెపటైటిస్ సీ, హెచ్‌బీఎస్‌ఏజీతో పాటు యాంటీ హెచ్‌బీసీ, బ్లడ్ గ్రూపు, డైరెక్ట్ కూంబ్స్, ఇమ్యునోగ్లోబులిన్ల మోతాదు, పెద్దలకు షుగరు, అవసరమైతే ఏఎన్‌ఏ, యాంటీ ఫాస్ఫోలిపిడ్ యాంటీబాడీలు. ఐవీఐజీ ఎక్కించాక ఇవి చేస్తే వేలమంది దాతల యాంటీబాడీలు మన రోగి రిపోర్టులో కనిపిస్తాయి. ఎన్నడూ హెపటైటిస్ బి సోకని మనిషికి యాంటీ హెచ్‌బీసీ పాజిటివ్ వస్తుంది, ఆ తర్వాత, అణిగి ఉన్న హెపటైటిస్ బిని తిరిగి లేపగల రిటుక్సిమాబ్ అనే మందు ఇవ్వాలంటే నెలల తరబడి తర్జనభర్జన. కడుపులో ఉండే హెలికోబాక్టర్ పైలోరీ అనే క్రిమికి చేసే పరీక్ష కూడా ఇంతే. శ్వాస పరీక్ష గానీ, మలంలో యాంటీజెన్ పరీక్ష గానీ చేయాలంటే కడుపులో యాసిడ్ తగ్గించే పాంటొప్రజోల్ ఆపి రెండు వారాలు కావాలి. స్టెరాయిడ్‌తో పాటు పాంటొప్రజోల్ రాయడం మన దగ్గర ఆచారం కదా! కాబట్టి ఆ పరీక్ష స్టెరాయిడ్‌కు ముందే జరగాలి, లేదంటే తప్పుడు నెగటివ్ వస్తుంది. ఆ క్రిమిని చంపితే కౌంటు పెరగడం జపాన్, ఇటలీల్లో బాగా కనిపించింది, అన్ని దేశాల్లో అంతగా రాలేదు. పెరిగే అవకాశం ముప్పై వేలు పైన ఉన్నవాళ్ళకే ఎక్కువ.

ఇక అసలు విషయం. ముప్పై వేల లోపున్న, లేదా రక్తస్రావమున్న పెద్దవాళ్ళకు మొదటి మందు స్టెరాయిడ్. కిలోకు ఒక మిల్లీగ్రాము చొప్పున ప్రెడ్నిసొలోన్, ఎంత బరువున్నా 80 మి.గ్రా. దాటకుండా, లేకపోతే డెక్సామెథసోన్ రోజుకు 40 మి.గ్రా. నాలుగు రోజులు. ప్రతి మందుకూ తన క్యాలెండర్ ఉంది. డెక్సాకు రెండో రోజు నుంచి పద్నాలుగో రోజులోపు, ప్రెడ్నిసొలోన్‌కు నాలుగు నుంచి పద్నాలుగు రోజుల్లో, ఐవీఐజీకి ఒకటి నుంచి మూడు రోజుల్లో కదలిక కనిపించాలి. మూలుగ చేత ప్లేట్‌లెట్లు ఎక్కువ తయారుచేయించే ఎల్‌ట్రోంబోపాగ్‌కు వారం నుంచి నాలుగు వారాలు, రిటుక్సిమాబ్‌కు వారం నుంచి ఎనిమిది వారాలు, డాప్సోన్‌కు రెండు వారాల నుంచి మూడు నెలలు. అజాథయోప్రిన్ ఒకటి నుంచి మూడు నెలలు తీసుకుంటుంది, ఒక్కోసారి ఇంకా ఎక్కువే. రెండు మందులు ఒకే వారంలో మొదలుపెట్టి, కౌంటు లేచాక ఏది లేపిందో తెలియక రెండూ ఏళ్ళ తరబడి కొనసాగించడం మేం తరచూ చూసే తప్పు. తేదీలు రాసి ఉంటే ఈ క్యాలెండరే ముడి విప్పుతుంది.

‘స్పందన’ అన్న మాటకు కూడా కొలత ఉంది. కౌంటు 30,000 చేరాలి, మొదటి కౌంటుకు కనీసం రెట్టింపు అవ్వాలి, రక్తస్రావం ఆగాలి. లక్ష దాటితే పూర్తి స్పందన. వారానికి పైగా ఎడంతో రెండుసార్లు చూసి ఖాయం చేసుకోవాలి.

ఊహకు ఒక వరుస రాస్తున్నాం. 1వ రోజు 8,000, నోట్లో బొబ్బలు, ప్రెడ్నిసొలోన్ 60 మి.గ్రా. మొదలు. 5వ రోజు 22,000. 10వ రోజు 85,000, బొబ్బలు పోయాయి. 21వ రోజు 1,40,000, డోసు తగ్గింపు మొదలు. 35వ రోజు 10 మి.గ్రా. మీద 40,000. 42వ రోజు 5 మి.గ్రా. మీద 14,000. ఈ ఆరు వరుసలు ఎదురుగా ఉంటే చూసిన ఎవరికైనా ఒక మాట అర్థమవుతుంది: ఈ మనిషికి స్టెరాయిడ్ పనిచేస్తుంది, కానీ వదలదు. మళ్ళీ 60తో మొదలుపెట్టి లాభం లేదు, రెండో వరుస మందు ఆలోచించాలి. అదే ఈ వరుసలు లేకుండా 42వ రోజున గాజువాకలోనో మద్దిలపాలెంలోనో కొత్త డాక్టరు దగ్గరకు వెళితే ఆయనకు కనిపించేది 14,000 ఒక్కటే. ఆయన నిబంధన ప్రకారమే 60 మి.గ్రా. రాస్తారు. అలా మూడుసార్లు మూడు చోట్ల జరిగాక షుగరొచ్చి, మొహం ఉబ్బి, తుంటి ఎముక నొప్పితో రోగి మా దగ్గరకు చేరతాడు. ఇందులో ఏ ఒక్క డాక్టరుదీ తప్పు కాదు. లేని కాగితానిదే తప్పు.

రెండు వారాలు పూర్తి డోసు మింగినా కౌంటు కదలకపోతే వారంలో తగ్గించి ఆపేయాలి. పనిచేసినా మొత్తం ఆరు నుంచి ఎనిమిది వారాలు దాటకూడదు. కాగితం మీద మొదటి రోజే ‘ఆపాల్సిన తేదీ’ అన్న గడి నింపితే మందుల షాపువాళ్ళు కూడా దాన్ని చూస్తారు. పాత చీటీ చూపించి స్టెరాయిడ్ కొనుక్కోవడం ఎంత తేలికో మనందరికీ తెలుసు. మొదటి నుంచే స్టెరాయిడ్‌కు, రోగనిరోధక శక్తిని అణిచే మైకోఫెనొలేట్ జతచేసి చూసిన బ్రిటన్ ప్రయోగం 2021లో వచ్చింది. స్టెరాయిడ్ ఒక్కటే తీసుకున్నవాళ్ళలో నూటికి 44 మందికి వైద్యం విఫలమైతే, జతచేసిన వాళ్ళలో 22 మందికే విఫలమైంది. అయితే నీరసం జతమందు వాళ్ళలోనే ఎక్కువ, గర్భం అనుకునే వాళ్ళకు అసలు వాడకూడదు.

ఐవీఐజీ కిలోకు ఒక గ్రాము. చాలా ఖరీదు, నిలిచేది రెండు నుంచి నాలుగు వారాలు. దీన్ని ప్రాణాపాయానికి, ఆపరేషన్‌కు, కాన్పుకు దాచుకోవాలి. కానీ అది చెప్పే జోస్యానికి విలువుంది. ఐవీఐజీకి మూడు నాలుగు రోజుల్లో కౌంటు ఎగిస్తే జబ్బు ఐటీపీ అన్న నమ్మకం గట్టిపడుతుంది. స్టెరాయిడ్‌కూ లేవక, దీనికీ లేవక, ఎల్‌ట్రోంబోపాగ్‌కూ లేవకపోతే నాలుగో మందు వెతకడం ఆపి మొదటికి రావాలి: స్మియర్, మూలుగ పరీక్ష, కుటుంబ చరిత్ర. చాలాసార్లు మందు ఓడిపోలేదని, రోగనిర్ధారణే తప్పని తేలుతుంది.

రెండో వరుసలో ఎవరికి ఏది పనిచేస్తుందన్నది కొంతవరకే చెప్పగలం. రిటుక్సిమాబ్ పాఠ్యపుస్తకం డోసు చదరపు మీటరుకు 375 మి.గ్రా., వారానికొకటి చొప్పున నాలుగు. మొదట నూటికి అరవై మంది దాకా స్పందిస్తారు, అయిదేళ్ళ తర్వాతా నిలిచేది నాలుగో వంతుకు కాస్త అటూఇటూ. జబ్బు మొదలై రెండేళ్ళు దాటని యువతుల్లో ఎక్కువ కాలం నిలుస్తుంది. ఇది ఇచ్చాక ఆరు నెలల పాటు టీకాలు సరిగా పట్టవు, కాబట్టి ప్లీహం తీసే ఆలోచన కూడా ఉంటే న్యుమోకాకస్, మెనింగోకాకస్, హిబ్ టీకాలు ముందే వేయించాలి. ప్లీహం తీయించుకున్న వాళ్ళలో మూడింట రెండొంతుల మందికి కౌంటు నిలుస్తుంది, ఇప్పటికీ ఇంత పాతుకుపోయే ఫలితం మరో వైద్యానికి లేదు. 1916లో ప్రాగ్‌లో పాల్ కజ్నెల్సన్ అనే వైద్య విద్యార్థి చెప్పిన ఆలోచన అది! చిన్న వయసువాళ్ళకు ఫలితం మెరుగు. ఏడాది ఆగకుండా మాత్రం చేయకూడదు, ఈలోపు తనంత తానే తగ్గే వాళ్ళున్నారు.

ఎల్‌ట్రోంబోపాగ్ గురించి కొంచెం ఎక్కువ రాయాలి. ఇది ‘పనిచేయలేదు’ అని వచ్చిన వాళ్ళలో కొందరి విషయంలో మందుది తప్పు కాదు, పొద్దుటి రాగి జావది. ఈ మాత్ర కాల్షియానికి, ఇనుముకు అతుక్కుపోతుంది, కడుపులోంచి రక్తంలోకి చేరదు. పాలు, పెరుగు, మజ్జిగ, రాగి జావ, టీ, యాంటాసిడ్, కాల్షియం మాత్ర, ఐరన్ మాత్ర: వీటికి రెండు గంటల ముందైనా వేసుకోవాలి, నాలుగు గంటల తర్వాతైనా వేసుకోవాలి. మన ఇళ్ళలో రాత్రి పెరుగన్నం తొమ్మిదికి ముగుస్తుంది. రాత్రి ఒంటిగంటకు ఎవరూ లేవరు కనుక తెల్లవారుజామున అయిదింటికి మంచినీళ్ళతో మాత్ర, ఏడు తర్వాత పాలూ టీ అని రాసివ్వడం మంచిది. స్టెరాయిడ్‌తో పాటు ఇచ్చిన కాల్షియం మాత్రను మధ్యాహ్నానికి మార్చాలి. ఇవన్నీ సరిచూశాకే 25 నుంచి 50, 50 నుంచి 75 మి.గ్రా.కు పెంచాలి. లివర్ పరీక్ష డోసు కుదిరేదాకా రెండు వారాలకోసారి, తర్వాత నెలకోసారి. కౌంటు లక్ష దాటిందని హఠాత్తుగా ఆపితే మొదటికన్నా కిందకు పడి రక్తస్రావం కావచ్చు. తగ్గించేది మెల్లగా, నెలల మీద. అలా తగ్గించిన వాళ్ళలో సుమారు మూడో వంతు మందు లేకుండానే నిలబడుతున్నారు. యాంటీ ఫాస్ఫోలిపిడ్ యాంటీబాడీలున్న వాళ్ళకు ఈ మందుతో రక్తం గడ్డకట్టే ముప్పు ఎక్కువ. మొదటి రోజు ఆ పరీక్ష అడిగింది అందుకే.

చేతిలో డబ్బు లేనివాళ్ళకు మన దగ్గర డాప్సోన్ పాత మిత్రుడు. రోజుకు 50 నుంచి 100 మి.గ్రా. కానీ జీ6పీడీ పరీక్ష లేకుండా రాయకండి, మన్యం నుంచి వచ్చిన వాళ్ళకు మరీను. ఎర్రకణాలను కాపాడే ఆ ఎంజైము తక్కువున్న వాళ్ళకు అవి పగిలి హిమోగ్లోబిన్ పడిపోతుంది. పెదాలు నీలంగా మారితే ప్రాణవాయువును మోయలేని మెథ్‌హిమోగ్లోబిన్ పెరిగిందని అర్థం.

ఖరీదైన ‘జోస్య పరీక్షల’ గురించి కూడా అడుగుతున్నారు. ప్లేట్‌లెట్ యాంటీబాడీ పరీక్ష ఐటీపీ ఉన్న వాళ్ళలో కూడా సగం మందికి అటూఇటూగానే పాజిటివ్ వస్తుంది. నెగటివ్ వస్తే జబ్బు లేదని కాదు. ప్లేట్‌లెట్ పైపొరలోని జీపీ ఒన్‌బీ అనే ప్రొటీన్ మీద యాంటీబాడీ ఉన్నవాళ్ళ ప్లేట్‌లెట్లు ప్లీహంలో కన్నా కాలేయంలో ఎక్కువ నాశనమవుతాయని, అలాంటి వాళ్ళకు ఐవీఐజీ తక్కువ పనిచేస్తుందని కొన్ని అధ్యయనాలు చెప్పాయి, ఇంకొన్ని అవునని చెప్పలేదు. ప్లేట్‌లెట్ల తయారీకి ప్రేరణనిచ్చే థ్రాంబోపోయిటిన్ అనే హార్మోన్ రక్తంలో తక్కువున్న వాళ్ళకు ఎల్‌ట్రోంబోపాగ్ లాంటివి బాగా పనిచేస్తాయన్నది ఆశాజనకంగానే ఉంది, రోజువారీ వైద్యానికింకా రాలేదు. లేత ప్లేట్‌లెట్ల శాతం చూపే యంత్రాలున్న ల్యాబులు ఆ అంకెను రిపోర్టులో వేస్తే మంచిదే. శాతం బాగా ఎక్కువుంటే మూలుగ పనిచేస్తోందని, నాశనమే ఎక్కువని గుర్తు. రోగి జేబులోంచి డబ్బు తీయించి చేయించాల్సిన పరీక్ష వీటిలో ఏదీ లేదు.

ప్రసూతి వైద్యులకు ఒక్క మాట. తల్లి కౌంటు చూసి బిడ్డ కౌంటు చెప్పలేం. ముందు కాన్పు బిడ్డకు పుట్టినప్పుడు కౌంటు ఎంతన్నదే అన్నిటికన్నా నమ్మదగ్గ సూచన. అందుకే ప్రతి బిడ్డకూ బొడ్డుతాడు రక్తంలో కౌంటు చూసి తల్లి కాగితం మీదే రాయండి, రెండో కాన్పుకు అది కావాలి. బిడ్డ కౌంటు పుట్టిన రెండో రోజు నుంచి అయిదో రోజు మధ్య అట్టడుగుకు పడుతుంది కనుక మొదటి రోజు బాగుందని మూడో రోజే ఇంటికి పంపకండి. కాన్పుకు తల్లికి యాభై వేలు, వెన్నులో మత్తు సూదికి డెబ్బై ఎనభై వేలు ఉండాలన్నది అందరూ పాటించే గీత.

బ్లడ్ బ్యాంకు వైపు నుంచి: ఐటీపీ రోగికి ఎక్కించిన ప్లేట్‌లెట్లు గంటల్లో కరిగిపోతాయి. ప్రాణాపాయ రక్తస్రావంలో ఐవీఐజీ, స్టెరాయిడ్‌లతో కలిపి ఇవ్వాల్సిందే. ‘కౌంటు ఆరు వేలే’ అన్న కారణంతో మాత్రం ఆరు యూనిట్లు అడగవద్దు. డెంగీ కాలంలో ఆ ఆరు యూనిట్లు ఇంకెవరికో కావాలి.

కాగితం ఎలా ఉండాలో చెప్పి ముగిస్తాం. ఏ4లో సగం సైజు, తడిస్తే చిరగని దళసరి అట్ట. తెలుగు ఒకవైపు, ఇంగ్లీషు ఒకవైపు. ఒడిశా రోగులకు ఒడియా ప్రతి. ముందువైపు పైభాగంలో మొదటి రోజు సంగతులు: చుక్కలు మొదలైన తేదీ, ముందు జ్వరం లేదా టీకా, వాడుతున్న మందులు, స్మియర్ నాలుగు వాక్యాలు, మందుకు ముందు తీసిన పరీక్షలు. దాని కింద ఇరవై నాలుగు వరుసలు. ప్రతి వరుసలో తేదీ, మందు మొదలైనప్పటి నుంచి ఎన్నో రోజు, కౌంటు పూర్తి అంకెల్లో, రక్తస్రావం మూడు గడులు, మందు పేరు, డోసు, రాసినవారి సంతకం. వెనకవైపు రోగి కోసం: ఆస్పిరిన్, ఐబూప్రొఫెన్, డైక్లోఫెనాక్ వద్దు, పారాసెటమాల్ ఫర్వాలేదు; కండకు సూది వేయించుకోవద్దు; విపరీతమైన తలనొప్పి, వాంతులు, మగత, నల్లటి విరేచనం, గంటకో ప్యాడ్ మారే నెలసరి, నోట్లో బొబ్బలు కనిపిస్తే తెల్లారేదాకా ఆగకుండా వచ్చేయాలి. యాప్ చేద్దామనే వాళ్ళున్నారు. చేయండి. కానీ కొండల్లో సిగ్నల్ ఉండదు, ఫోను మారితే డేటా పోతుంది, అట్ట మాత్రం సంచీలో ఉంటుంది.

అచ్చుకు సిద్ధం చేసిన నమూనాను శాఖాధికారి గారి కార్యాలయానికి అందజేస్తాం. ముందుగా నగరంలోని ప్రభుత్వ ఆస్పత్రుల రక్త, పిల్లల, ప్రసూతి విభాగాల్లో ఆరు నెలలు వాడించి, ఏ గడులు ఖాళీగా మిగులుతున్నాయో చూసి సరిదిద్దుకోవచ్చు. ప్రైవేటు ల్యాబులు స్మియర్ సంగతి మాత్రం అట్ట కోసం ఆగకుండా రేపటి నుంచే మొదలుపెట్టవచ్చు.

ఇట్లు,
రక్తవ్యాధుల వార్డుల్లో, ల్యాబుల్లో, బ్లడ్ బ్యాంకుల్లో పనిచేసే కొందరం,
విశాఖపట్నం